సాఫ్ట్‌వేర్ కంపెనీ మూతబడ్డది.. మన రాతలు ఎట్ల బతకాలె?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14 నుంచి మామూలు సపోర్ట్ బంద్ పెట్టింది. విండోస్ 11 ఎక్కించాలంటే మదర్‌బోర్డుల టీపీఎం 2.0 ఉండాలె అంటున్నది. పాత మిషన్లకు అది ఏడికెళ్లి వస్తది? అందుకే జిల్లా కేంద్రాల డీటీపీ షాపులల్ల, చిన్న ప్రెస్సులల్ల, సంఘాల ఆఫీసులల్ల ఇప్పుడు ఒక్కటే ముచ్చట. "అన్నా, కొత్త సిస్టం కొంటే దాంట్ల మన పేజ్‌మేకర్ ఎక్కుతదా? తెలుగు ఫాంట్ల లాక్ పని చేస్తదా?" విండోస్ 7 మీద, ఇంకా చెప్పాలంటే ఎక్స్‌పీ మీదనే బండి నడిపిస్తున్నోళ్లు సుత గిదే అడుగుతున్నరు.

చూడనీకి ఇది చిన్న రిపేర్ పని లెక్క కనిపిస్తది. కానీ జర లోపలికి పోయి చూస్తే ఇది మన రాతల సంగతి. తొంభైల నడిమి నుంచి ఇప్పటిదాక మన దగ్గర అచ్చయిన కరపత్రాలు, పాటల పుస్తకాలు, నిజనిర్ధారణ నివేదికలు, చిన్న పత్రికల సంచికలు, కవుల సొంత ఖర్చు పుస్తకాలు - గివన్నిట్ల చానా మటుకు పేజ్‌మేకర్ ఫైళ్లల్లనే, ఏదో ఒక కంపెనీ తెలుగు ఫాంట్లల్లనే ఉన్నయి. ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటేనే ఆ రాత తెరుచుకుంటది. అమ్మిన కంపెనీ లేకుంట పోయిందంటే మన రాతకు పడ్డ తాళం మనమే తీసుకోలేని పరిస్థితి వస్తది.

నేను కంప్యూటర్ చదువు చదివినోన్ని కాదు. డీటీపీ షాపుల ఆపరేటర్ పక్కన కూసొని, కరపత్రం దిద్దుకుంట దిద్దుకుంట నేర్చుకున్న. గందుకే ఇంజనీర్ల భాషల కాకుండ, నాకు సమజైన తీరుల చెప్త.

మనం కొన్నది ఏంది?

మనం సాఫ్ట్‌వేర్ కొన్నమని అనుకుంటం. బిల్లు గూడ అట్లనే ఉంటది. కానీ డబ్బల ఉన్న ఒప్పంద కాయితం చదివితే ఇంకో తీరు రాసి ఉంటది: మీకు దీన్ని వాడుకునే అనుమతి ఇస్తున్నం, అంతే. నాగలి కొంటే నాగలి మనది. అమ్మిన వడ్లాయన లేకున్నా నాగలి దున్నుతది. లైసెన్స్ సాఫ్ట్‌వేర్ అట్ల కాదు. వాడిన ప్రతిసారి "నీకు అనుమతి ఉన్నదా?" అని అది లోపల లోపల అడుగుతనే ఉంటది. అనుమతి ఇచ్చెటోడు ఉన్నంత కాలం ఏ తిప్పలుండదు. వాడు దుకాణం బంద్ చేసినంక ఏందన్నది అసలు సవాలు.

పేజ్‌మేకర్ కతనే చూడుండ్రి. 1985ల అమెరికాల సియాటిల్‌కు చెందిన ఆల్డస్ అనే కంపెనీ దీన్ని తెచ్చింది. 'డెస్క్‌టాప్ పబ్లిషింగ్' అనే మాటనే ఆ కంపెనీ పెట్టిన పాల్ బ్రెయినర్డ్ వాడుకల పెట్టిండంటరు. మనం డీటీపీ అంటున్నది గదే. 1994ల ఆల్డస్‌ను అడోబ్ కలుపుకున్నది. 1999ల అడోబ్ ఇన్‌డిజైన్ తెచ్చింది. 2001ల పేజ్‌మేకర్ 7 వచ్చింది. గదే ఆఖరిది. ఇగ ఆ తర్వాత కొత్త పేజ్‌మేకర్ రాలే. అంటే మన ప్రెస్సులల్ల ఇయ్యాల నడుస్తున్నది ఇరువై ఏండ్ల కిందనే వదిలేసిన సాఫ్ట్‌వేర్.

అయినా అది ఎందుకు బతికున్నది? రెండు కారణాలు. ఒకటి, తెలుగు ఫాంట్ల ప్యాకేజీలు - అను గానీ, శ్రీలిపి గానీ - ఆపరేటర్ల చేతివేళ్లకు పేజ్‌మేకర్ తోని కలిసి అలవాటైనయి. రెండోది, పేజ్‌మేకర్ 7కు సీరియల్ నంబర్ కొడితే చాలు, ఇంటర్‌నెట్‌ల కంపెనీని అడిగే పని లేదు. తాళం చిన్నది కాబట్టే ఆయుష్షు పెద్దగున్నది. ఈ మాట యాదిల పెట్టుకోండ్రి, ముందటికి పనికొస్తది.

నాలుగు తీర్ల తాళాలు

కొత్త మిషన్‌కు మారే ముందు మన సాఫ్ట్‌వేర్‌కు ఏ తాళం ఉన్నదో తెలుసుకోవాలె. నేను చూసినంతల నాలుగు తీర్లు ఉన్నయి.

ఒకటి, సీరియల్ నంబర్. డబ్బ మీదనో, సీడీ కవర్ మీదనో ఉంటది. అన్నిట్ల తేలికైనది ఇదే. నంబర్ ఉంటే కొత్త మిషన్ల ఎక్కించుకోవచ్చు. కవర్ పోయిందంటే పని ఆగుతది. అందుకే ఆ కవర్‌ను ఫోన్ తోని ఫొటో తీసి రెండు జాగలల్ల దాచుండ్రి.

రెండు, హార్డ్‌వేర్ లాక్. డాంగిల్ అంటరు. పాతవి కంప్యూటర్ వెనుక ప్రింటర్ తగిలించే 25 రంధ్రాల పోర్టుకు పెట్టేవి. తర్వాతవి యూఎస్‌బీకి పెట్టేవి. కొత్త కంప్యూటర్లకు ఆ ప్రింటర్ పోర్టే లేదు. మార్కెట్ల రెండు మూడు వందలకు దొరికే యూఎస్‌బీ కన్వర్టర్ పెడితే అయితదేమో అని చానా మంది పైసలు ఖరాబు చేసుకుంటరు. ఆ కన్వర్టర్లు ప్రింటర్‌కు పనికొస్తయి గని లాక్‌కు పనికిరావు. ఎందుకంటే లాక్ అనేది ఆ పోర్టు తోని నేరుగ మాట్లాడాలనుకుంటది. కన్వర్టర్‌కు ప్రింటర్ భాష తప్ప ఇంకోటి రాదు. డెస్క్‌టాప్ అయితే లోపల స్లాట్‌ల పెట్టే ప్యారలల్ పోర్టు కార్డు దొరుకుతది, దాని మీద కొన్ని లాకులు నడుస్తయి. ల్యాప్‌టాప్‌కు ఆ దారి లేదు.

మూడు, మిషన్ కోడ్. సాఫ్ట్‌వేర్ ఎక్కియ్యంగనే తెర మీద ఒక పొడుగు నంబర్ చూపిస్తది. కంపెనీకి ఫోన్ చేసి ఆ నంబర్ చెప్తే వాళ్లు ఇంకో నంబర్ ఇస్తరు. ఆ నంబర్ ఆ ఒక్క కంప్యూటర్‌కే చెల్లుతది. మన దేశపు చిన్న కంపెనీలు - బడి ఫీజుల సాఫ్ట్‌వేర్ గానీ, మెడికల్ షాపు బిల్లింగ్ గానీ - ఎక్కువ గిట్లనే అమ్మినయి. కంపెనీ ఎత్తేసినంక ఫోన్ ఎవలెత్తుతరు?

నాలుగు, ఆన్‌లైన్ యాక్టివేషన్. సాఫ్ట్‌వేర్ నేరుగ కంపెనీ సర్వర్‌ను అడుగుతది. సర్వర్ బంద్ అయితే డబ్బ, బిల్లు, నంబర్ అన్నీ ఉన్నా కొత్త మిషన్ల ఎక్కదు. 2013 నుంచి అడోబ్ తన కొత్త సరుకును అమ్ముడు బంద్ చేసి నెల కిరాయి పద్ధతికి మారింది. కిరాయి ఇల్లు లెక్కనే. కట్టుడు ఆపినవంటే సామాను లోపలుండగనే తాళం పడ్తది.

మా చిన్న పత్రికకు రెండో తీరు తాళం తగిలింది. తెలుగు టైపింగ్ ప్యాకేజీ కొన్నప్పుడు బిల్లు, సీడీ, ఒక లాక్ చేతుల పెట్టిన్రు. ఆ కంపెనీ పేరెందుకు గని, అది ఇప్పుడు లేదు. బిల్లు మీదున్న నంబర్‌కు ఫోన్ పోదు. అడ్రస్‌ల ఇప్పుడు ఇంకేదో దుకాణం ఉన్నది. లాక్ ఉన్న పాత మిషన్ ఒక్కటి ఖరాబైతే మా పాత సంచికలన్నీ తెరవలేని ఫైళ్లయితయి. మేము పైసలిచ్చి కొన్నోళ్లమే, దొంగతనం చేసినోళ్లం కాదు. అయినా గిదే గతి. మా ఒక్కల బాధ అయితే రాసేటోన్ని కాదు. ఇది గల్లీ గల్లీకి ఉన్నది.

కొత్త మిషన్‌కు మార్చుడెట్ల?

ముందుగాల ఒక మాట. పాత మిషన్ నడుస్తున్నప్పుడే ఈ పని చేయాలె. ఆగిపోయినంక కాదు. "నడుస్తున్నది గద, నడవనీ" అనేటోళ్లకు నేను చెప్పేది ఒక్కటే: హార్డ్ డిస్క్ చెప్పి చావదు.

మొదటి మెట్టు: నకలు. పాత హార్డ్ డిస్క్ మొత్తానికి మొత్తం నకలు తీయాలె. ఫైళ్లు కాపీ చేసుడు కాదు, డిస్క్ ఎట్లున్నదో అట్లనే అచ్చు దించుడు. క్లోన్‌జిల్లా అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్నది, పెన్ డ్రైవ్ నుంచి నడుస్తది. ఇది ఎందుకంటే, మిషన్ కోడ్ తాళాలల్ల కొన్ని డిస్క్ వాల్యూమ్ నంబర్‌ను చూస్తయి. డిస్క్‌ను ఫార్మాట్ కొట్టినప్పుడల్లా ఆ నంబర్ కొత్తది పుడ్తది. మొత్తం నకలు తీస్తే మాత్రం పాతదే వస్తది. అందుకే "ఫార్మాట్ కొట్టి ఫ్రెష్‌గా ఎక్కిద్దాం" అనే మెకానిక్ మాట ఇక్కడ వినొద్దు. సీడీలను సుత ఐఎస్ఓ ఫైళ్లుగ చేసి పెట్టుకోండ్రి. సీడీలు కాలం గడిస్తే చదవరాకుంట అయితయి. కొత్త ల్యాప్‌టాప్‌లకు సీడీ డ్రైవే ఉంటలేదు.

రెండో మెట్టు: నేరుగ ఎక్కించి చూసుడు. విండోస్ 11 అచ్చంగ 64 బిట్ సిస్టం. దాని మీద 32 బిట్ సాఫ్ట్‌వేర్ నడుస్తది, 16 బిట్ అస్సలు నడవదు. పేజ్‌మేకర్ 7 అనేది 32 బిట్‌ది, కాబట్టి జర సతాయించినా నడిచే అవకాశం ఉన్నది. కానీ విండోస్ 3.1, 95 కాలపు ప్యాకేజీలు చానా మటుకు 16 బిట్‌వి. ఇంకో తిరకాసు ఏందంటే, కొన్నిట్ల సాఫ్ట్‌వేర్ 32 బిట్‌దే ఉంటది గని దాన్ని ఎక్కించే ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది ఉంటది. "ఈ యాప్ మీ పీసీల నడవదు" అని తెర మీద వస్తే సీడీ ఖరాబయ్యిందని పారేయకుండ్రి. ఇది గూడ కారణం కావచ్చు.

మూడో మెట్టు: కంప్యూటర్ లోపల కంప్యూటర్. దీన్ని వర్చువల్ మిషన్ అంటరు. వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగ దొరుకుతది. కొత్త విండోస్‌ల గానీ, లినక్స్‌ల గానీ ఒక కిటికీ తెరిచి దాంట్ల పాత ఎక్స్‌పీని నడిపిస్తది. లోపలున్న ఎక్స్‌పీకి తాను కొత్త మిషన్ల ఉన్న సంగతే తెల్వదు. యూఎస్‌బీ లాక్‌ను ఈ లోపలి మిషన్‌కు అప్పజెప్పవచ్చు. నెట్‌వర్క్ కార్డు నంబర్ చూసే తాళమైతే ఆ నంబర్‌ను సుత సెట్టింగుల పెట్టుకోవచ్చు. హార్డ్ డిస్క్ తయారీల వచ్చిన అసలు నంబర్ చూసే తాళమైతే ఆ నంబర్‌ను గూడ లోపలి మిషన్‌కు కమాండ్ తోని పెట్టుకోవచ్చు. కానీ పాత ప్రింటర్ పోర్టు లాక్‌లకు ఇది పెద్దగ అక్కరకు రాదు.

దీంట్ల రెండు జాగ్రత్తలున్నయి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8 తోనే మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపింది. విండోస్ 7కు 2020 జనవరి 14 తోని ఆపింది. కాబట్టి లోపలి మిషన్‌కు ఇంటర్‌నెట్ తీసెయ్యాలె. ఫైళ్లు అటు ఇటు పంపనీకి ఒక షేర్డ్ ఫోల్డర్ చాలు. రెండోది, ఎక్స్‌పీకే ఒక లైసెన్స్ ఉన్నది. కంప్యూటర్ తోని కలిపి అమ్మిన విండోస్ ఆ మిషన్‌కే కట్టేసి ఉంటది, కొత్త హార్డ్‌వేర్ కనిపించంగనే మల్ల యాక్టివేషన్ అడుగొచ్చు. విడిగ కొన్న డబ్బ ఉన్నోళ్లకు ఈ తిప్పలు తక్కువ.

వైన్ అని ఇంకో దారి ఉన్నది. లినక్స్ మీద విండోస్ సాఫ్ట్‌వేర్‌ను నడిపించే ఉచిత ఏర్పాటు. దీనికి విండోసే అక్కర్లేదు, కాబట్టి విండోస్ లైసెన్స్ గొడవ గూడ లేదు. కొన్ని పాత ప్యాకేజీలు దీని మీద నడుస్తయి, కొన్ని మొరాయిస్తయి. ఖర్చు లేని పని కాబట్టి ఒకపూట కూసొని చూసుకునుడే.

ఇగ క్రాక్ సంగతి. ఊర్లల్ల అందరు చెప్పే మందు గదే. నేను ఎవల మీద వేలెత్తను. పూటకు పూట సంపాదించే డీటీపీ పిల్లలు వేల రూపాయల సాఫ్ట్‌వేర్ కొనలేకనే అటు పోయిన్రు. కానీ నెట్‌ల దొరికే క్రాక్‌ల ఎనుక వైరస్‌లు వస్తయి. ఫైళ్లకు తాళమేసి పైసలు అడిగే రాన్‌సమ్‌వేర్ గూడ గా తొవ్వలనే వస్తది. ఒక తాళం తీయబోయి ఇంకో తాళం ఏసుకున్నట్టు అయితది.

అసలు తాళం ఫాంట్ల ఉన్నది

ఇప్పటిదాక చెప్పిందంత మిషన్ మార్చుకునే ఉపాయం. దీంతోని నాలుగైదేండ్లు గడుస్తయి. మల్ల విండోస్ మారుతది, మల్ల గిదే తిప్పల. ఎందుకంటే అసలు తాళం సాఫ్ట్‌వేర్‌ల లేదు, మనం రాసిన అక్షరంల ఉన్నది.

పాత తెలుగు ఫాంట్లు ఒక ఉపాయం మీద నడిచినయి. ఆ కాలం ఫాంట్ల 256 జాగలే ఉండేవి, అవి ఇంగ్లీషు అక్షరాల కోసం, గుర్తుల కోసం పెట్టినవి. మనోళ్లు ఏం చేసిన్రు? ఆ జాగలల్ల తెలుగు అక్షరాల ముక్కలు పెట్టిన్రు. ఒక జాగల తలకట్టు, ఒక జాగల కొమ్ము, ఒక జాగల వత్తు. అన్నీ కలిపి అతికిస్తే తెర మీద తెలుగు కనిపిస్తది. కానీ కంప్యూటర్ లెక్కల అది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాలకు తెలుగు వేషం. ఆ ఫాంట్ తీసేస్తే వేషం ఊడిపోయి పిచ్చి గుర్తులు కనిపిస్తయి. పైగా ఒక కంపెనీ ఫాంట్ల 'క' ముక్క ఉన్న జాగల ఇంకో కంపెనీ ఫాంట్ల వేరే ముక్క ఉంటది. అందుకే ఒకల ఫైల్ ఇంకొకల దగ్గర తెరుచుకోదు.

అప్పుడు వేరే దారి లేక చేసిన పని అది. తెలుగు అచ్చును గల్లీ గల్లీకి తెచ్చింది ఆ ఫాంట్లే. దాన్ని తక్కువ చేస్తలేను. కానీ కాలం మారింది. యూనికోడ్ వచ్చింది. లోకంల ఉన్న ప్రతి భాష అక్షరానికి ఒక సొంత నంబర్ ఇచ్చే పద్ధతి అది. 1991ల వచ్చిన మొదటి యూనికోడ్‌లనే తెలుగు ఉన్నది. 3072 నుంచి 3199 దాక ఉన్న 128 జాగలు తెలుగువి. 'క' అంటే 3093. ఏ కంపెనీ ఫాంట్ అయినా, ఏ ఫోన్ అయినా, ఇయ్యాల అయినా ఇంకో యాభై ఏండ్లకయినా 'క' అంటే 3093నే. మీరు ఫోన్ల ఈ వ్యాసం చదువుతున్నది దాని పుణ్యాననే.

కొందరు అంటరు, "మా దగ్గర పీడీఎఫ్‌లు ఉన్నయి గద?" అని. చూడనీకి, అచ్చేయనీకి పీడీఎఫ్ మంచిదే. కానీ పాత ఫాంట్ల తోని చేసిన పీడీఎఫ్‌ల నుంచి ఒక పేరా కాపీ కొట్టి చూడుండ్రి, పిచ్చి గుర్తులే వస్తయి. దాంట్ల ఒక ఊరి పేరు వెతికితే దొరకదు. కంటిచూపు లేనోళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేదు. అంటే అది రాత ఫొటో, రాత కాదు.

అందుకే చేయాల్సిన అసలు పని, రాతను ఫాంట్ చెర నుంచి బయటికి తెచ్చుడు. పాత మిషన్ల పేజ్‌మేకర్ తెరిచి, టెక్స్ట్ టూల్ తోని వ్యాసం మీద క్లిక్ చేసి, ఫైల్ మెనూల ఎక్స్‌పోర్ట్ కొడితే ఆ ఒక్క వ్యాసం టెక్స్ట్ ఫైల్‌గ వస్తది. పేజీల ఎన్ని వేరు వేరు ముక్కలుంటే అన్నిసార్లు చేయాలె. ఆ టెక్స్ట్‌ను కన్వర్టర్‌ల ఏస్తే యూనికోడ్ అయితది. తెలుగుల గిసొంటి కన్వర్టర్లు చానా ఉన్నయి. వార్తాపత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి ఒక్కో ఫాంట్ వాడిన కాలంలనే ఫైర్‌ఫాక్స్ కోసం 'పద్మ' అనే ఉచిత కన్వర్టర్ వచ్చింది. ఏ ఫాంట్‌కు ఏ కన్వర్టర్ సరిపోతదో ముందుగాల ఒక పేజీ తోని పరీక్ష చేసుకోవాలె.

కన్వర్టర్ చేసింది చేసినట్టు నమ్మొద్దు. క్రావడి వత్తు ఒక అక్షరం ముందుకో ఎనుకకో జరుగుతది. ముక్కలు అతికించి చేసిన 'ఘ', 'ఝ' అసొంటి అక్షరాలు తప్పుతయి. నడుమల ఇంగ్లీషు మాట ఉంటే దాన్ని గూడ తెలుగనుకొని ఆగమాగం చేస్తది. అంకెలు, బ్రాకెట్లు మారుతయి. నిజనిర్ధారణ నివేదికల సచ్చిపోయినోళ్ల లెక్క, తారీఖు తప్పు పడ్డదంటే ఆ నివేదికకు విలువెక్కడిది? కాబట్టి అచ్చయిన పుస్తకం పక్కన పెట్టుకొని ఒకలు చదువుతుంటే ఒకలు దిద్దాలె.

పాత మిషన్ ఇప్పటికే ఆగిపోయినోళ్లు ఏం చేయాలె? ఫైల్ ఉంటే లిబ్రెఆఫీస్ డ్రాల తెరిచి చూడుండ్రి. 2015ల వచ్చిన 4.4 నుంచి అది పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తున్నది. అడోబ్ సొంత ఇన్‌డిజైన్ సీఎస్6 దాక తెరిచింది, ఆ తర్వాత వచ్చిన కిరాయి ఇన్‌డిజైన్‌కు మాత్రం ఆ గుణం లేదు. సొంత కంపెనీ మూసిన తలుపును ఉచిత సాఫ్ట్‌వేర్ చేసెటోళ్లు తెరిచిపెట్టిన్రు. లేఅవుట్ జర చెదిరినా రాత చేతికొస్తే చాలు. ఆ ఫైల్ గూడ లేకపోతే, అచ్చు పుస్తకాన్ని స్కాన్ తీసి అక్షరాలు గుర్తుపట్టే ఓసీఆర్ పెట్టుకోవచ్చు. టెసరాక్ట్ అనే ఉచిత ఓసీఆర్‌కు తెలుగు వస్తది. గూగుల్ డ్రైవ్‌ల గూడ ఉన్నది. దాన్ని సుత దిద్దుకోవాల్సిందే.

ఇగ కొత్త రాతలు యూనికోడ్‌లనే కొట్టుడు మొదలు పెట్టాలె. "యూనికోడ్‌ల మంచి ఫాంట్లు లేవు" అన్నది ఒకప్పటి మాట. పోతన, వేమన ఫాంట్లు ఎప్పటి నుంచో ఉచితంగ ఉన్నయి. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు అసొంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌ల ఎవలైనా దించుకోవచ్చు. లేఅవుట్‌కు స్క్రైబస్ ఉన్నది. ఇది గూడ ఉచితమే. చేతివేళ్ల అలవాటు మారనీకి కొన్ని వారాలు పడ్తది, అది నిజమే. పూట కూలి మీద బతికే ఆపరేటర్‌కు ఆ వారాలు బరువే. అందుకే సంఘాలు, ప్రెస్సు ఓనర్లు ఆ నేర్చుకునే టైంకు గూడ కూలి కట్టియ్యాలె. పని నేర్చుకో, నష్టం నువ్వే భరించు అంటే కుదరదు.

చట్టం ఏమంటున్నది?

చానా మందికి ఒక భయం ఉన్నది. "నకలు తీస్తే దొంగతనం అయితదా?" అని. మన దేశపు కాపీరైట్ చట్టం 1957లది. దాంట్ల సెక్షన్ 52(1)(ఏఏ) చదువుండ్రి. చట్టబద్ధంగ సాఫ్ట్‌వేర్ చేతుల ఉన్నోడు, అది దేని కోసం ఇచ్చిన్రో ఆ పని కోసం నకలు తీసుకోవచ్చు, దాన్ని మార్చుకోవచ్చు. పోకుంట, ఖరాబు కాకుంట బ్యాకప్ గూడ పెట్టుకోవచ్చు. ఇది కాపీరైట్ ఉల్లంఘన కాదని చట్టమే చెప్తున్నది. బిల్లు ఉన్నోడు తన డిస్క్‌కు నకలు తీసుకునుడు దొంగతనం కాదు.

దొంగ నకలు సంగతి వేరే. తెలిసి తెలిసి దొంగ సాఫ్ట్‌వేర్ వాడితే సెక్షన్ 63బీ కింద ఏడు రోజుల నుంచి మూడేండ్ల దాక జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాక జుర్మానా అని రాసి ఉన్నది. 2012ల తెచ్చిన 65ఏ సెక్షన్ తాళాల గురించి. కాపీరైట్‌ను ఉల్లంఘించే ఉద్దేశంతోని తాళం పగలగొడితే రెండేండ్ల దాక జైలు, జుర్మానా. ఉద్దేశం అన్న మాట ఇక్కడ ముఖ్యం. చట్టం వద్దనని పనికి తాళం తీసుడు ఈ సెక్షన్ కిందికి రాదని అండ్లనే రాసి ఉన్నది. అంటే బిల్లు ఉన్నోనికి, లేనోనికి నడుమ తేడా బిల్లే. బిల్లు పారేయకుండ్రి.

బయటి దేశాల ముచ్చట సుత చూద్దాం. అమెరికాల తాళాలు తీసుడు మీద గట్టి నిషేధం ఉన్నది. అయినా ఖరాబై, మార్కెట్ల దొరకకుంట పోయిన డాంగిల్స్ విషయంల 2003, 2006, 2010లల్ల సర్కారే మినహాయింపులు ఇచ్చింది. యూరప్‌ల 2012 జూలైల అక్కడి అత్యున్నత కోర్టు, యూజ్డ్‌సాఫ్ట్ - ఒరాకిల్ కేసుల, కాలపరిమితి లేకుంట డౌన్‌లోడ్ చేసుకున్న లైసెన్స్‌ను కొన్నోడు మల్ల అమ్ముకోవచ్చని చెప్పింది. కొన్నోనికి హక్కులుంటయని లోకం ఒప్పుకుంటున్నది.

కంపెనీలకు ఇది చేతకాని పని గూడ కాదు. అడోబ్ తన సీఎస్2 యాక్టివేషన్ సర్వర్లు బంద్ చేసినప్పుడు, యాక్టివేషన్ అక్కర్లేని సీఎస్2ను, సీరియల్ నంబర్లను 2013 మొదట్ల కొన్నోళ్ల కోసం బయట పెట్టింది. మనసు పెడితే పోయేముందు తాళంచెవి ఇచ్చి పోవచ్చు అన్నదానికి ఇదే సాక్ష్యం.

ఏం అడగాలె, ఏం చేసుకోవాలె

అడగాల్సింది సర్కారును. సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీ మూతబడితే గానీ, ఆ సరుకును వదిలేస్తే గానీ, కొన్నోళ్లకు తాళం తీసే కోడ్ ఇచ్చి పోవాలన్న రూల్ రావాలె. పంచాయతీ, బడి, దవఖాన, మార్కెట్ యార్డు ఏది కొన్నా, ఆ కోడ్‌ను ముందే మూడో మనిషి దగ్గర జమ పెట్టాలన్న షరతు ఒప్పందంల ఉండాలె. ప్రజల పైసలతోని కొన్నది కంపెనీ దయ మీద నడవొద్దు. సర్కారీ పనులకు యూనికోడే ప్రమాణమని కేంద్రం 2009లనే చెప్పింది. ఆ ప్రకారం, పాత ఫాంట్లల్ల ఉన్న జీవోలు, అకాడమీల పుస్తకాలు, జిల్లాల నివేదికలు యూనికోడ్‌లకు మార్చి జనం ముందట పెట్టాలె. దానికి డీటీపీ ఆపరేటర్లకే పనియ్యాలె. ఆ పాత ఫాంట్ల లోతుపాతులు వాళ్ల కన్నా ఎవలకు తెల్సు?

చేసుకోవాల్సింది మనం. మీ సంఘం, మీ పత్రిక, మీ ప్రెస్సు ఏదైనా గానీ, ఒక్కో పుస్తకానికి ఒక ఫోల్డర్ పెట్టుండ్రి. దాంట్ల ఐదు ఉండాలె: అసలు పేజ్‌మేకర్ ఫైల్, దాంట్ల వాడిన బొమ్మలు, వాడిన ఫాంట్, పీడీఎఫ్, దిద్దిన యూనికోడ్ టెక్స్ట్. బొమ్మలు విడిగ ఎందుకంటే పేజ్‌మేకర్ చానా సార్లు బొమ్మను లోపల దాచుకోదు, అది ఎక్కడున్నదో జాడ మాత్రం రాసుకుంటది. ఈ ఫోల్డర్‌ను రెండు డిస్కులల్ల, రెండు ఊర్లల్ల పెట్టుండ్రి. ఒకదానికి నీళ్లు తగిలినా, అగ్గి తగిలినా ఇంకోటి ఉంటది.

ఎక్కడ మొదలు పెట్టాల్నని అడిగితే, మల్ల ఎక్కడ దొరకని దాంతోని మొదలు పెట్టుండ్రి. పేరున్న కవి పుస్తకం ఏదో ఒక లైబ్రరీల దొరుకుతది. మీ ఊరి బీడీ కార్మికుల సమ్మె కరపత్రం, రైతు ఆత్మహత్యల మీద మీరు తిరిగి రాసిన నివేదిక, జాతరల అమ్ముకునే పాటల పుస్తకం మీ పాత మిషన్ల తప్ప ఇంకెక్కడ ఉండదు. ఆ మిషన్ ఇయ్యాల ఇంకా ఆన్ అవుతున్నదంటే, ఈ ఆదివారమే ఒక పెన్ డ్రైవ్, ఒక మనిషిని ఎంట పెట్టుకొని దాని ముందు కూసోండ్రి.